ఆకు నిలిస్తేనే పటం నిలుస్తుంది: తిరుపతి దిక్కున మిక్స్‌డ్ మీడియా చిత్రకారుల బతుకు

తిరుపతిలో నవంబరు వచ్చిందంటే కొన్ని ఇళ్లలో ఒక పని తప్పదు. గోడకు తగిలించిన పటాలన్నీ దించి, వెనక్కి తిప్పి, అంచులు తడిమి చూడాలి. ముసురు నాలుగు రోజులు పట్టిందంటే ప్లైవుడ్ ఉబ్బుతుంది, కాగితం మెలి తిరుగుతుంది, కాన్వాసు మీద అతికించిన ఆకు ఈనె పక్కన సన్నగా బూజు తెల్లబడుతుంది. ఒట్టి నూనెరంగులతో వేసేవాళ్లకు ఈ టెన్షన్ తక్కువ. ఆకు, మన్ను, నార, బెరడు, ఇసుక కలిపి పటం కట్టేవాళ్లకు మాత్రం వానాకాలం ఏటా వచ్చే పరీక్ష.

మిక్స్‌డ్ మీడియాను తెలుగులో మిశ్రమ మాధ్యమం అని రాస్తున్నారు గానీ, బొమ్మలేసేవాళ్ల నోట ఆ మాట వినపడదు. ఒకే పటంలో రెండు మూడు జాతుల రంగులు కలిసినా, రంగుతో పాటు రంగు కాని వస్తువు చేరినా అది మిక్స్‌డ్ మీడియానే. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగు మీద పేస్టల్ అనే రంగు కణిక రుద్దినా అదే, కాన్వాసు మీద గోనెపట్టా అంటించి రంగు పూసినా అదే. యూరప్ కళాచరిత్రలో దీనికి 1912ను మొదలుగా చెబుతారు. ఆ ఏడాది పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను పటంలో అతికించి, అంచు చుట్టూ తాడు బిగించాడు. అదే ఏడాది ఇంకో చిత్రకారుడు బ్రాక్ కాగితం ముక్కలతో పని మొదలుపెట్టాడు. మన దగ్గర దీనికి అంత హడావుడి జరగలేదు. తంజావూరు పటంలో చెక్క పలక ఉంటుంది, పలక మీద గుడ్డ, గుడ్డ మీద సుద్దా జిగురూ కలిపిన ఉబ్బెత్తు పని, దాని మీద బంగారు రేకు, రంగురాళ్లు. ఆ పని చేసిన కుటుంబాల్లో రాయలసీమ నుంచి వలస పోయిన రాజు కులంవాళ్లు ఉన్నారని చెబుతారు. వాళ్లకు అది పటం, అంతే.

ప్రకృతిని చూసి గీసేవాళ్లు ఎంతోమంది. ఇక్కడ చెప్పుకుంటున్నవాళ్లు చూసినదాంట్లో కొంత తెచ్చి పటంలోనే పెడతారు. అక్కడి నుంచి వాళ్ల దారి వేరైపోతుంది. చిత్రకారుల జీవితం గురించి రాసేటప్పుడు చిన్నప్పుడు గోడల మీద గీసిన బొమ్మలు, గురువు, తొలి ప్రదర్శన, అవార్డు అన్న వరసలో చెప్పుకుపోవడం అలవాటు. ఈ రకం చిత్రకారుల విషయంలో ఆ వరస పెద్దగా ఏమీ చెప్పదు. వాళ్ల కెరీర్‌లో అసలు మలుపు, తెచ్చిన వస్తువు ఎన్నేళ్లు నిలుస్తుందో తెలుసుకున్న రోజు. మూడేళ్లకే పురుగు పట్టే పటం కొన్నవాళ్లు రెండో పటం కొనరు, ఇంకొకరికి చెప్పరు కూడా.

కొండ ఇచ్చేది, ఇవ్వనిది

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో కంటికి కరువు లేదు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన, కింది పాత గ్రానైటు మీద క్వార్ట్‌జైటు రాయి కూర్చున్న చోట ఒక గీత కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల వయసుకు మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. బస్సు కిటికీలోంచి చూసే యాత్రికుడికి అది పట్టదు. రంగులు కలిపే చేతికి మాత్రం ఆ గీత కింద బూడిదరంగు, పైన తేనె, గులాబీ, ఎరుపు కలిసిన రంగు వెంటనే తెలుస్తాయి. పొద్దున్నే ఒక రంగులో ఉన్న కొండ పొద్దు వాలేటప్పటికి ఇంకో రంగుకు తిరుగుతుంది. కపిలతీర్థం మీద వాన పడితే రాయి నల్లబడి, దూకే నీళ్లు ఇంకా తెల్లగా కనిపిస్తాయి. తలకోన జలపాతం సుమారు 270 అడుగులు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక నేలపట్టు కొంగల చెరువులు, పులికాట్ అంచు కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. గూడబాతులు, రాజహంసలు, ఉప్పునీటి మడుగులు ఒక పక్క, ఎర్రరాతి చరియలు ఇంకో పక్క. ఒకే జిల్లాలో ఇన్ని రకాల నేలలు చిత్రకారులకు దొరకడం అరుదు.

అయితే చూడడం వేరు, తెచ్చుకోవడం వేరు. శేషాచలం కొండల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా, అంటే జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దానిలో భాగంగా శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉంది. జాతీయ ఉద్యానవనంలోంచి అనుమతి లేకుండా ఆకు కూడా తీసుకుపోకూడదని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. ఈ కొండలకే సొంతమైన పెరిత లాంటి మొక్కల మట్ట పటంలో ఎంత అందంగా ఒదిగినా, దాన్ని కోయడం నేరం, పైగా పాపం.

ఎర్రచందనం సంగతి మరీ విచిత్రం. ఆ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, దాన్ని ఆనుకున్న తూర్పు కనుమల పాయల్లోనే. దాని చేవలో శాంటాలిన్ అనే ఎర్రరంగు ఉంటుంది. అది నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. ఒకప్పుడు అద్దకం కోసం ఓడలెక్కి పోయిన సరుకది. ఇవాళ కాగితాలు లేకుండా దాని చెక్క ఒకటి సంచిలో దొరికితే ఎర్రచందనం దొంగరవాణాను పట్టే టాస్క్‌ఫోర్సు పోలీసులకు జవాబు చెప్పుకోవాలి. రంగులతో బతికే మనిషికి పక్కనే ఇంత ఎరుపు ఉండి చేతికి అందదు. అందుకే ఇక్కడి పటాల్లో ఎర్రచందనం చెక్కగా కనిపించదు, బెరడు గీతలుగా కనిపిస్తుంది. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన ఆ బెరడు మీద పలచటి కాగితం ఆనించి, మైనపు క్రేయాన్‌తో రుద్దితే దాని గుర్తు దిగుతుంది. చిన్నపిల్లలు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దే ఆటే ఇది. జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో చెక్క నేల మీద ఇదే పని చేసి, దానికి ఫ్రొటాజ్ అని పేరు పెట్టి, ఏకంగా ఒక పద్ధతిగా నిలబెట్టాడు. పట్టా భూముల్లో రైతులు పెంచుకున్న ఎర్రచందనం చెట్ల దగ్గర, యజమానిని అడిగి, చెట్టుకు గోరంత గాయం కాకుండా ఈ పని చేసుకోవచ్చు.

వస్తువుల్లో ఎక్కువ భాగం కొండ దిగువ నుంచే వస్తుంది. వీధి చివరి రావి చెట్టు, పెరటి బాదం ఆకు, తాటి నార, చింత పుల్ల, చిత్తూరు వైపు తోటల్లో తోతాపురి మామిడి ఆకు, స్వర్ణముఖి ఇసుక, చంద్రగిరి వైపు ఎర్రమన్ను. ఇక పూలు. తిరుపతిలో వాడిన పూలకు కొరత ఎక్కడిది? 2021లో టీటీడీ ఆ పూలతో అగరబత్తుల తయారీ మొదలుపెట్టింది. ఉద్యాన విశ్వవిద్యాలయంతో కలిసి, ఎండబెట్టిన పూలరేకులతో దేవుళ్ల పటాలు కూడా చేయించింది. ఆ పని చేసే ఆడవాళ్లను ఎవరూ మిక్స్‌డ్ మీడియా కళాకారిణులు అని పిలవరు. చేసేది మాత్రం దాదాపు అదే, అదీ చాలా ఓపికతో.

శ్రీకాళహస్తి దగ్గర నేర్చుకోవలసింది

ప్రకృతి వస్తువులతో పనిచేసే చిత్రకారులకు అసలు బడి తిరుపతికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. చాలామంది పదేళ్లు ఎక్కడెక్కడో తిరిగి, రంగులు వెలిసిపోయి, ఆకులు రాలిపోయి, అప్పుడు శ్రీకాళహస్తి బస్సెక్కుతారు.

కలంకారీని పురాణ కథల గుడ్డగానే చూడడం మనకు అలవాటైపోయింది. రాముడు, సీత, అంచున కథ రాత. ఆ బొమ్మల వెనక ఉన్న రసాయన జ్ఞానం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ముతక గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో నానబెట్టి ఆరేస్తారు. పాలల్లోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద చెదరకుండా గీసిన చోటే నిలుస్తుంది. కరక్కాయలోని వగరు రంగు పట్టుకోడానికి కొక్కెం లాంటిది. చింత బరికెను కాల్చిన బొగ్గుతో ముందు గీతలు పెడతారు. తరవాత వెదురు కలం. దాని మెడకు గుడ్డో ఉన్నో చుట్టి దారం బిగిస్తే, చుట్టిన ఉండ రంగు పీల్చుకుని, వేలితో నొక్కినప్పుడు కొద్దికొద్దిగా వదులుతుంది.

నల్లరంగు ఎలా వస్తుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. దీన్ని కసిం అంటారు. ఆ నీళ్లు చూస్తే నలుపు కాదు, పలచటి గోధుమరంగు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిసిన చోట నలుపు పుడుతుంది. ఎరుపు కోసం పటిక నీళ్లు రాసి, ఎర్రరంగునిచ్చే వేళ్లూ చెక్కలూ వేసి గుడ్డను ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, తగలని చోట ఉతుకులో పోతుంది. దానిమ్మ తొక్క, మామిడి బెరడు పసుపునిస్తాయి. నీలిమందు నీలాన్ని, ఆ రెండూ కలిసి పచ్చను ఇస్తాయి. ప్రతి రంగు తరవాతా పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో నీళ్లు పారని రోజులు ఎక్కువయ్యాక ఈ ఉతుకే కలంకారీవాళ్లకు పెద్ద తలనొప్పి అయింది.

ఇందులో మిక్స్‌డ్ మీడియావాళ్లకు పనికొచ్చేది బొమ్మల శైలి కాదు. శైలిని అరువు తెచ్చుకుని కాన్వాసు మీద కలంకారీ నెమలిని అతికించేవాళ్లు ఉన్నారు, ఆ పటాలు హోటల్ లాబీల్లో కనిపిస్తుంటాయి, వాటి గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. పనికొచ్చేది ఆ క్రమం. రంగు వేయడానికి ముందు గుడ్డను సిద్ధం చేయడం. రంగును పూతలా పైన పూసి వదిలేయకుండా, లోపలి వస్తువుతో దాన్ని ముడివేయడం. ఏది వెలుస్తుందో, ఏది వెలవదో తాతల నాటి నుంచి గుర్తుపెట్టుకోవడం. ఈ విద్య ఒక దశలో దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. 1950ల్లో చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆ పరంపరలో పనిచేసిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

పసుపుతో మొదలుపెట్టని కొత్తవాళ్లు ఉండరు. వంటింట్లో ఉంటుంది, చవక, వేయగానే బంగారంలా మెరుస్తుంది. ఎండ తగిలే గోడ మీద పెడితే కొన్ని వారాల్లోనే పాలిపోతుంది. బీట్‌రూట్, మందారం కూడా అంతే. ఎర్రమన్ను, పచ్చి సున్నపు తెలుపు, దీపం మసి మాత్రం తరాలు నిలుస్తాయి, అవి రాయికీ బొగ్గుకూ చుట్టాలు కాబట్టి. అనుభవం ఉన్నవాళ్లు ఏ కొత్త రంగునైనా పటంలో వాడే ముందు ఒక అట్ట ముక్కకు పూసి, సగం నల్లకాగితంతో కప్పి, మిద్దె మీద ఎండలో పడేస్తారు. చిత్తూరు జిల్లా ఏప్రిల్, మే ఎండకు తట్టుకున్న రంగు ఇంకెక్కడైనా తట్టుకుంటుంది. రెండు నెలల తరవాత కాగితం తీసి చూస్తే కప్పిన సగం, కప్పని సగం తేడా తెలిసిపోతుంది. దీనికి ఏ ల్యాబూ అక్కర్లేదు, మిద్దె ఉంటే చాలు.

నలుపు గురించి ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఇనుము, కరక్కాయ కలిసిన నలుపు తేలిగ్గా వెలవదు గానీ, ఇనుము మరీ ఎక్కువైతే ఏళ్ల తరబడి కాగితాన్నీ గుడ్డనూ లోలోపల తినేస్తుంది. పాత కలంకారీల్లో కొన్నిచోట్ల నల్లగీత ఉన్నచోటే గుడ్డ చిల్లులు పడడానికి కారణం ఇదే.

చదువు, కూడు

ఈ దిక్కున బొమ్మలేసే పిల్లలకు మొదటి మెట్టు ఇప్పటికీ డ్రాయింగ్ పరీక్షలే. లోయరు, హయ్యరు, ఆ తరవాత మాస్టారు పనికి శిక్షణ ఇచ్చే టీటీసీ. డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగానికి దారి అదే కాబట్టి ఇంట్లోవాళ్లు అంతవరకు అడ్డు చెప్పరు. కాలేజీ చదువు దగ్గర దారులు చీలుతాయి. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాలలో రాయి, లోహం, కొయ్య శిల్పాలతో పాటు సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. ఆధునిక చిత్రకళ కావాలంటే కడపకో, విశాఖకో, హైదరాబాద్‌కో పోవాలి. లేదా చెన్నై. అక్కడి లలితకళల కళాశాల 1850 నుంచీ ఉంది. చిత్తూరు జిల్లా వాళ్లకు అరవం ఇంటి భాష లాంటిదే కాబట్టి చెన్నై దూరం అనిపించదు.

సంప్రదాయ బడిలో చదివినవాళ్లకు కొలతలు, వస్తువు మీద పట్టు వస్తాయి. సొంతంగా ఏం గీయాలన్న ప్రశ్న అక్కడ పెద్దగా రాదు. ఆధునిక కాలేజీలో ఆ ప్రశ్న మొదటిరోజే ఎదురవుతుంది, కానీ జిగురు ఎలా కాయాలో, మన్ను ఎలా తేర్చాలో చెప్పేవాళ్లు తక్కువ. ప్రకృతి వస్తువులతో పనిచేయాలనుకునేవాళ్లు ఈ రెండిటి మధ్య సందులో పడతారు. కొంతమంది రెండూ కలిపి నేర్చుకుంటారు, చాలామంది సొంతంగా తప్పులు చేసి నేర్చుకుంటారు.

తరవాత కూడు. తిరుపతిలో బొమ్మలేసేవాడికి పని దొరకదనుకోవడం పొరపాటు. స్వామివారి పటం అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కల్యాణ మండపాల వెనక తెరలు, బడుల గోడలు, హోటళ్లు, కొత్తిళ్ల పూజగదులు, నగరం అందం కోసం గోడల మీద వేయించే పురాణ దృశ్యాలు. ఫ్లెక్సీ వచ్చి బోర్డులు రాసేవాళ్ల పొట్ట కొట్టినా, దేవుడి బొమ్మకు గిరాకీ తగ్గలేదు. ఇబ్బంది వేరే. ఆ గిరాకీ తీర్చడంలోనే ఇరవై ఏళ్లు గడిచిపోవచ్చు. పొద్దున స్వామి పటం, రాత్రి సొంత పని అనుకుంటారు. రాత్రికి కళ్లు మూతపడతాయి.

ఇది తక్కువ పని అని కొట్టిపారేయడం సబబు కాదు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ పూనికతో మద్రాసు దగ్గర చోళమండలం కళాకారుల ఊరు మొదలైనప్పుడు, అక్కడి చిత్రకారులు మైనంతో అద్దకం వేసే బాతిక్ గుడ్డలు, చేతివస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో సొంత పటాలు వేసుకున్నారు. కూటి పనికీ సొంత పనికీ మధ్య గోడ కట్టకుండా, ఒకదాని నుంచి ఇంకొకదానికి నైపుణ్యం దాటించారు. స్వామి పటంలో సుద్ద ఉబ్బెత్తు పని చేయడం వచ్చినవాళ్లకు, కాన్వాసు మీద రాతి చరియను ఉబ్బెత్తుగా కట్టడం కొత్త విద్య కాదు. తెల్ల నామపు సుద్ద, కాటుక, పసుపు, కుంకుమ వాళ్ల చేతికి ముందే అలవాటు.

ఆడవాళ్ల దారి ఇంకోలా ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో ఇవాళ రంగులు నింపే చేతుల్లో ఎక్కువ ఆడవాళ్లవే. తిరుపతి ఇళ్లలో పెళ్లయ్యాక, పిల్లలు బడికి పోయాక మొదలుపెట్టి, నలభై దాటాక మొదటి ప్రదర్శన పెట్టుకునేవాళ్లు కనిపిస్తారు. ముగ్గు గీత చేతిలో ఉంటుంది, ఊరగాయలు ఎండబెట్టిన అనుభవం ఆకులు ఎండబెట్టడానికి అక్కరకొస్తుంది. చివరి మాట నవ్వులాటకు అన్నది కాదు. తడి ఎంత మిగిలితే బూజు పడుతుందో వాళ్లకు తెలిసినంతగా కాలేజీ కుర్రాడికి తెలియదు.

పటం కట్టడం

ఆకును చెట్టు నుంచి తెచ్చిన రోజే అతికిస్తే అది ముడుచుకుని, చుట్టూ ఉన్న రంగును కూడా లాక్కుని పగులుతుంది. పాత పుస్తకాల మధ్య నొక్కిపెట్టి వారాల తరబడి ఆరనివ్వాలి. ఈనెలు మాత్రమే కావాలంటే బట్టలసోడా నీళ్లలో ఉడకబెట్టి, మెత్తని బ్రష్‌తో కండ తీసేస్తే జల్లెడలాంటి ఆకు మిగులుతుంది. రావి ఆకు దీనికి పెట్టింది పేరు. ఆకులో, నారలో ఉండే ఆమ్లం మెల్లగా కాగితాన్ని పచ్చబరుస్తుంది. దానికి విరుగుడు సుద్ద. అతికించే చోట సుద్ద కలిపిన పూత వేస్తే ఆమ్లం అక్కడే ఆగిపోతుంది. తరవాత ఆకు రెండు వైపులా యాక్రిలిక్ మీడియం, అంటే రంగు కలపని యాక్రిలిక్ జిగురు పూసి గాలి తగలకుండా మూసేస్తారు. పై వైపు మాత్రమే పూసి వెనక వదిలేయడం కొత్తవాళ్లు చేసే తప్పు. తేమ వెనక నుంచే వస్తుంది.

మన్ను కూడా నేరుగా వాడకూడదు. పలమనేరు కుమ్మర్లు మట్టి తేర్చినట్టే, నీళ్లలో కలిపి, రాయీ రప్పా అడుగుకు దిగాక పై బురదను వంచి, ఆరబెట్టి, వస్త్రగాలితం పట్టాలి. అప్పుడు అందులో వేళ్లూ ఆకుల చెత్తా ఉండవు, చెదలకు తిండి దొరకదు. ఇసుకను ఉప్పు పోయేదాకా కడగాలి, లేకపోతే వానాకాలంలో పటం మీద తెల్ల పొడి తేలుతుంది. మైదా జిగురు వద్దు. బొద్దింకకూ, కాగితాలు తినే వెండిచేప పురుగుకూ అదే విందు.

నూనె, నీళ్ల రంగులు కలిసేచోట ఒక నియమం ఉంది. యాక్రిలిక్ మీద నూనెరంగు నిలుస్తుంది, నూనెరంగు మీద యాక్రిలిక్ నిలవదు, ఊడిపోతుంది. నూనె ఆరడానికి నెలలు పడుతుంది, పైనున్న యాక్రిలిక్ గంటలో బిగుసుకుపోతుంది. కింద కదిలేది, పైన కదలనిది. ఇంతకు మించి ఇందులో రహస్యం లేదు.

అన్నీ ఇలా కాపాడాలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆకు పాడవడమే ప్రకృతి, పటం కూడా పాడవనివ్వండి అని. జర్మన్ చిత్రకారుడు ఆన్సెల్మ్ కీఫర్ 1980ల్లో కాన్వాసుల మీద గడ్డి అతికించాడు. ఆ గడ్డి ఎండి పెళుసుబారడం పటంలో భాగమే. ఆ వాదనలో బలం ఉంది, మ్యూజియంలో జీతం తీసుకునే సంరక్షకులు వెనకుంటే. తిరుపతిలో డాక్టరుగారి క్లినిక్ గోడకు వేలాడే పటానికి అలాంటి దిక్కు లేదు. పాడవడాన్ని కావాలని ఎంచుకున్నవాళ్లు కొనేవాళ్లకు ముందే చెప్పాలి. తెలియక పాడైనదాన్ని తరవాత తత్వంగా చెప్పుకోవడం మాత్రం దొంగతనంలా ఉంటుంది.

అమ్మకం దగ్గర

కొనేవాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, “ఇది ఏం బొమ్మండీ?” రెండోది వాస్తు. ఎండిన ఆకులు, ఎండిన పూలు ఇంట్లో పెట్టుకోకూడదని ఎవరో ఒకరు అంటారు. అదే ఇంటి గుమ్మానికి ఉగాదికి కట్టిన మామిడి తోరణం దసరా దాకా ఎండి గలగలలాడుతూనే ఉంటుంది. ఈ మాట నవ్వుతూ గుర్తుచేసి అమ్మగలిగినవాళ్లు ఉన్నారు. ఇంకొందరు ఎండుటాకుకు మళ్లీ పచ్చరంగు వేసి అమ్ముతారు. అది చూస్తే కొంచెం బాధగానే ఉంటుంది.

గ్యాలరీలు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నాయి. అమ్మిన ధరలో మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీ వాటా పోతుంది. మామూలు కాన్వాసును చుట్టి గొట్టంలో పెట్టి పంపొచ్చు. ఉబ్బెత్తు పని ఉన్న పటాన్ని చుడితే పగిలిపోతుంది, చెక్క పెట్టె కట్టాలి, బస్సు పార్సిల్‌లో నిలబెట్టి పంపాలి. పెట్టె ఖర్చు, బాడుగ, దారిలో భయం కలిస్తే, ఇక్కడి చిత్రకారుల పటాలు చాలావరకు ఒక మనిషి చంకన పెట్టుకుని మోయగలిగే సైజులోనే ఎందుకుంటాయో అర్థమవుతుంది. విమర్శకులు ఆ సైజును ఆత్మీయత అని మెచ్చుకుంటారు. దానికి సగం కారణం ఆర్టీసీ డిక్కీ. ఫోన్‌లో ఫొటో చూసి కొనేవాళ్లకు ఆ ఉబ్బెత్తు కనపడదు. ఆకు నొక్కడం, మన్ను తేర్చడం చూపించే చిన్న వీడియో, పూర్తయిన పటం ఫొటో కన్నా ఎక్కువ పని చేస్తోంది.

కాగితం పని మీద శ్రద్ధ తక్కువ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి వేయించుకున్న పటానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే అవుతారు. హోటల్‌కు వేసిన పటం రేపు వాళ్ల క్యాలెండర్ మీద వచ్చినా అడగడానికి ఉండదు, ముందే రాసుకోకపోతే. తనంతట తాను వేసి అమ్మిన పటంలో హక్కు చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. ఆ పటం పదివేల రూపాయలకు పైగా మళ్లీ అమ్ముడైతే పది శాతానికి మించని వాటా అడిగే హక్కు కూడా 53ఎ సెక్షన్‌లో ఉంది. అడిగినవాళ్లు అరుదు. పటాన్ని పాడుచేసినా ప్రశ్నించవచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేస్తే, ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆయనకు తిరిగి ఇవ్వాలని, అయిదు లక్షల నష్టపరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. అందుకు పట్టిన ఏళ్లు చూస్తే గెలుపు అని గట్టిగా అనడానికి నోరు రాదు.

వయసు మీద పడ్డాక

ఇరవై, ముప్పై ఏళ్లు నిలదొక్కుకున్నవాళ్ల పనిలో ఒక మార్పు తరచుగా కనిపిస్తుంది. వస్తువులు తగ్గుతాయి. మొదట్లో ఒకే పటంలో ఆకు, గవ్వ, నార, ఈక, అద్దం ముక్క అన్నీ దూరతాయి. తరవాత మన్నూ ఒక ఆకూ మిగులుతాయి. చివరికి మన్ను ఒక్కటే. ఏళ్ల తరబడి ఒకే దిక్కు చూసిన కన్ను అనవసరమైనదాన్ని వదిలేస్తుంది. 1940లో మధిరలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ తొలినాళ్లలో తుప్పుపట్టిన కార్ల బొమ్మలతో పేరు తెచ్చుకుని, తరవాత ఎండుటాకులు, నీళ్లు, చెట్ల వైపు మళ్లి దశాబ్దాలు అక్కడే ఉండిపోయారు. తుప్పు నుంచి ఆకుకు రావడం దూరప్రయాణం కాదు, రెండిటిలోనూ రంగు మారేది కాలం వల్లే.

ఈ వయసులోనే పాత పటాలు వెనక్కి రావడం మొదలవుతుంది. పన్నెండేళ్ల కింద కొన్న కుటుంబం, ఇల్లు మారేటప్పుడు, పటం పట్టుకుని గుమ్మం ముందు నిలబడుతుంది. మూలన ఆకు సగం రాలింది, అడుగున చెమ్మ పట్టింది, పసుపు ఉండాల్సిన చోట తెల్లకాగితం కనపడుతోంది. పటం వెనక ఏయే వస్తువులు వాడారో, ఏ జిగురో, ఏ చెట్టు ఆకో రాసిన చీటీ ఉంటే పని తేలిక. చాలా పటాల వెనక సంతకం తప్ప ఏమీ ఉండదు.

అప్పుడు రెండు దారులు. అదే జాతి చెట్టు నుంచి ఇంకో ఆకు తెచ్చి, పాతదాని స్థానంలో పెట్టవచ్చు. లేదా రాలిన చోటును అలాగే వదిలి, మిగిలినదాన్ని గట్టిపరచవచ్చు. కొత్త ఆకు పెడితే పటం చూడముచ్చటగా ఉంటుంది గానీ, అది ఆనాటి ఆకు కాదు. వదిలేస్తే నిజం ఉంటుంది, కొన్నవాళ్లు ఒప్పుకోరు. బాగుచేసినందుకు డబ్బు అడగాలా, తన పని నిలవలేదు కాబట్టి ఊరికే చేసివ్వాలా అన్నది అన్నిటికన్నా ఇరుకున పెట్టే సంగతి. కొందరు జిగురు ఖర్చు మాత్రం తీసుకుంటారు. కొందరు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, పటం లోపలికి తీసుకుపోయి, ముందుగా వెనక వైపు తిప్పి చూస్తారు.